గొలుసుకట్టు వర్తకము – ఆత్మోన్నతి



నేఁడు నేను ప్రసంగింపఁ బూనిన విషయము మీలోఁ గొందఱికిఁ గ్రొత్తగాఁ దోఁచవచ్చును. కాని దాని పొడ సోఁకని గ్రామము మన పల్నాటిసీమలో నిప్పుడు అరుదు. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో చదువు ముగించి యుద్యోగమునకై యెదురుచూచు పిల్లవాఁడొకఁడు ఒకనాఁడు చక్కఁగా ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగికొని, చేత సంచి పట్టుకొని మీ యరుగుమీఁదికి వచ్చును. "పెదనాన్నా, నేను బిజినెస్ మొదలుపెట్టాను. నాకోసం ఒక్క గంట ఇవ్వాలి" అనును. ఆ వ్యాపారమునే నెట్‌వర్క్ మార్కెటింగ్ అందురు. మన జనులు దానికి గొలుసుకట్టు వ్యాపారమని పేరు పెట్టిరి. దానిలోఁ గ్రొత్తగాఁ జేరినవారికి సరకునుగుఱించి చెప్పుటకంటె ముందుగా మనోవికాసమును, ఆత్మోన్నతిని బోధించుచుందురు. ఆ బోధలో గింజ యెంత, తాలు ఎంత అని విచారించుటయే ఈ ప్రసంగమునకు లక్ష్యము.

ఈ మాటలు పిల్లలకుఁ జెప్పక పెద్దల కేల చెప్పుచున్నావని మీరడుగవచ్చును. ఆ కారణము ప్రసంగము ముగియునప్పటికి మీకే తెలియఁగలదు.

కొన్నియేండ్ల క్రిందట నా పూర్వశిష్యుఁడొకఁడు సంధ్యవేళ మా యింటికి వచ్చెను. బడిలో నున్నప్పుడు లెక్కలలోఁ జుఱుకైనవాఁడు. డిగ్రీ పూర్తిచేసి రెండేండ్లు ఖాళీగా నుండెను. వాని తల్లి రెండెకరముల మిరపచేను కౌలునకుఁ జేయుచుండెను. వాఁడు నాకు నమస్కరించి, సంచిలోనుండి సబ్బులను, పొడుల డబ్బాలను, ఒక నోటుపుస్తకమును దీసి నాముందుంచెను. "మాస్టారూ, మనిషి ఎదగాలంటే ముందు మనసు ఎదగాలి. సందేహమే మన శత్రువు" అని మొదలుపెట్టెను. బడిలో నాయెదుట నోరు మెదపని కుఱ్ఱవాఁడు అరగంటసేపు తడఁబాటు లేక మాటలాడుచుండఁగా నాకు నిజముగా సంతోషము కలిగెను.

ఆ నోటుపుస్తకపు మొదటి పుటలో నూఱు పేర్ల పట్టిక యుండెను. మేనమామ, చిన్నాయన, బావమఱఁది, ఇరుగుపొరుగువారు, చిన్ననాఁటి స్నేహితులు. పదునొకండవ పేరు నాది. "తెలిసినవాళ్ల పేర్లన్నీ మొదటి వారంలోనే రాయమన్నారు మాస్టారూ" అని వాఁడు చెప్పెను. నేను నవ్వితిని. అది నవ్వవలసిన సంగతి గాదని నా కప్పుడు తోఁచలేదు. వాని యుత్సాహమును భంగపఱచుట కిష్టము లేక, ఇచ్చిన కాగితము చదువకయే సంతకము చేసి ఆఱువేల రూపాయలు చేతఁబెట్టితిని. గురువు శిష్యునకుఁ జేయు ఆశీర్వాదముగా దానిని భావించితిని. ఆ యాశీర్వాదము ఎచ్చటికి దారితీసెనో పిదపఁ జెప్పెదను. ముందుగా ఈ వర్తకము పుట్టుపూర్వోత్తరములు కొంచెము తెలిసికొందము.

సరకును అంగడిలో నుంచక యింటింటికిఁ గొనిపోయి యమ్ముట మనకుఁ గ్రొత్త గాదు. చీరలమూట నెత్తిన బెట్టుకొని తిరుగువాఁడును, మలారము భుజమున వేసికొని వచ్చు గాజులవాఁడును మనకుఁ జిరపరిచితులే. అమ్ముచున్నవాఁడు మఱికొందఱిని అమ్మువారినిగాఁ జేర్చి, వారి యమ్మకముపైనను, వారు చేర్చినవారి యమ్మకముపైనను వాటా పొందుట యీ వర్తకమునందలి క్రొత్తదనము. ఈ యేర్పాటు 1945వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున రూపుదాల్చెను. న్యూట్రిలైట్ అను పోషకద్రవ్యముల నమ్ముటకై మిటింజర్, కాసెల్‌బరీ అను నిద్దఱు దీనిని నడపిరి. వారిలో మొదటివాఁడు పూర్వము శ్మశానవాటికలలో స్థలములు విక్రయించిన వర్తకుఁడు. రెండవవాఁడు మనశ్శాస్త్రజ్ఞుఁడు. వర్తకమును మనశ్శాస్త్రమును ఈ విధముగాఁ బుట్టుకలోనే జతపడినవి. అదే సరకు నమ్ముచుండిన వాన్ ఆండెల్, డివోస్ అను నిరువురు స్నేహితులు 1959లో ఆమ్వే అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1998లో భారతదేశమున విక్రయములు ప్రారంభించెను. తరువాత మంచివియుఁ జెడ్డవియు నగు సంస్థలు పెక్కులు ఆ బాటనే నడచినవి.

ఇఁక లెక్క చూతము. ఈ వ్యాపారపు సభలలోఁ బలకమీఁద గుండ్రని సున్నలు గీచి చూపుదురు. నీవు ఆఱుగురిని జేర్పుము, వారిలోఁ బ్రతివాఁడును ఆఱుగురిని జేర్చును, నీవు కూర్చుండియే ధనవంతుఁడవగుదు వందురు. పలకమీఁద ఆ లెక్కలో దోసము కనఁబడదు. అయితే ఆ సున్నలు మనుష్యులు. మొదటి వరుసలో 6 మంది, రెండవ వరుసలో 36, మూఁడవదానిలో 216, నాలుగవదానిలో 1,296, అయిదవదానిలో 7,776, ఆఱవదానిలో 46,656, ఏడవదానిలో 2,79,936, ఎనిమిదవదానిలో 16,79,616 మంది కావలెను. మొదటివానితోఁ గూడ అందఱిని గలిపిన 20,15,539 మంది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా నేర్పడిన మన పల్నాడు జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారము నివసించువారు 20 లక్షలకుఁ గొంచె మెక్కువ. ఉయ్యెలలోని పసిపాపనుండి మంచమున నున్న ముదుసలివఱకు జిల్లాయంతయు ఎనిమిదవ వరుసతోనే ముగిసిపోవును. మఱి నాలుగు వరుసలు సాగవలెనన్న, పండ్రెండవ వరుసకు 217 కోట్లమంది కావలెను. భారతదేశ మంతయు దానికిఁ జాలదు.

ఇంకొక్క సంగతి గమనింపుఁడు. ఎనిమిదవ వరుసలో నిలిచిన ఆ 16 లక్షల 79 వేలమందికిఁ జేర్చుటకు మనుష్యుఁడు మిగులఁడు. వారు మొత్తములో ఆఱింట అయిదుపాళ్లు. గొలుసు నాలుగవ వరుసలోఁ దెగినను, పదవ వరుసలోఁ దెగినను, క్రింద నిలుచువారు ఇంచుమించుగా నీ పాలుననే యుందురు. ప్రతివాఁడును ఆఱుగురిని జేర్చు నట్టి యుత్తమమైన పక్షమున వచ్చు ఫలితమిది! కావున మనుష్యులను జేర్చుటవలననే వచ్చు లాభము ఆఱుగురిలో నైదుగురికి రానేరదు. వారి మనస్సు ఎంత వికసించినను, వారు తెల్లవారుజామున నెంత పెందలకడ లేచినను ఈ లెక్క మాఱదు. సరకు వాడుకొను గృహస్థునకు సరసమైన ధర కమ్ముటవలన వచ్చు లాభమునకు ఈ చిక్కు లేదు. అది చిన్నదిగా నుండవచ్చును గాని, ఒకరి లాభమునకు ఐదుగురు నష్టపోవలసిన పని యందు లేదు.

న్యాయస్థానములును శాసనములును పట్టుకొనిన సూత్రము ఇదియే. 1979లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘము ఆమ్వే సంస్థపై విచారణ జరిపి, అది చట్టవిరుద్ధమైన పిరమిడ్ పథకము గాదని తీర్పు చెప్పెను. దానికిఁ గారణముగా సంస్థ నియమములను జూపిరి. అమ్మకందారుఁడు తాను కొన్న సరకులో నూటికి 70 పాళ్లు అమ్మవలెను, నెలకుఁ బదిమంది వినియోగదారులకైన అమ్మవలెను, మిగిలిన సరకును వెనుకకుఁ దీసికొనవలెను. అయినను ధరలను బిగించుట, ఆదాయమును గుఱించి యతిశయోక్తులు చెప్పుట మానవలెనని ఆ తీర్పుననే యాజ్ఞాపించిరి. మన దేశమున 1978లో ప్రైజు చీటీలను, ద్రవ్య పరిచలన పథకములను నిషేధించు చట్టము వచ్చెను. సభ్యులను జేర్చుటపై నాధారపడి త్వరితముగాను సులభముగాను ధనము వచ్చునని చూపు పథకములను ఆ చట్టము నిషేధించుచున్నది. మన యూళ్లలో నెలనెల పాడుకొను చీటీ వేఱు. దానికి 1982 నాఁటి చిట్‌ఫండ్ల చట్టము గలదు.

ఆ 1978 చట్టము క్రిందనే మన రాష్ట్రమున 2006లో ఆమ్వే సంస్థపైఁ బోలీసులు కేసు పెట్టిరి. తన వ్యాపారము శాసనసమ్మత మని సంస్థ వాదించెను. 2007లో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము ఆ పథకము నిషేధచట్టపు పరిధిలోనికి వచ్చునట్లు కనఁబడుచున్నదని యభిప్రాయపడి, సంస్థ వేసిన వ్యాజ్యమును ద్రోసివేసెను. 2014లో ఆ సంస్థ భారతశాఖాధిపతిని కర్నూలు పోలీసులు నిర్బంధించిరి. ఒకే సంస్థనుగుఱించి రెండు దేశములలో రెండు విధముల తీర్పులు వచ్చినను, ఉభయత్రా విచారించిన ప్రశ్న యొక్కటే. వచ్చు సొమ్ము సరకు కొన్నవానినుండి వచ్చుచున్నదా, క్రొత్తగాఁ జేరినవానినుండి వచ్చుచున్నదా?

పిదప 2021 డిసెంబరున కేంద్రప్రభుత్వము వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ప్రత్యక్ష విక్రయ నియమములను బ్రకటించెను. ఇంటింటి విక్రయమును అవి నిషేధింపలేదు. ఆ ముసుఁగులో పిరమిడ్ పథకము నడపుటను, అందు మనుష్యులను జేర్చుటను నిషేధించినవి. అమ్ముటకు వచ్చువాఁడు గుర్తింపుపత్రము చూపవలెను, ముందుగా వేళ నడిగి రావలెను, తాను వచ్చిన పని మొదటనే నిజముగాఁ జెప్పవలెను. ఒప్పందము చేసికొనినవాఁడు మనసు మాఱిన యెడల నిర్ణీతమైన గడువులోపల జరిమానా లేకుండ దానిని రద్దుచేసికొనవచ్చును. మఱియొకరిని జేర్చినచో నీవు కొన్న సరకు ధర తగ్గును, లేదా తిరిగి వచ్చునని చెప్పి సరకు నంటఁగట్టరాదు. 1978 చట్టమున మఱియొక నిబంధన గలదు. నిషిద్ధమైన పథకమును నడపువాఁడే గాక, అందు సభ్యుఁడుగాఁ జేరువాఁడును శిక్షార్హుఁడు. మూఁడేండ్లవఱకుఁ గారాగారము విధింపవచ్చును. మన పిల్లలకు ఈ సంగతి చెప్పువారు లేరు.

ఇఁక ఆత్మోన్నతి మాటకు వత్తము. ఈ సభలలో బోధించు విషయములన్నియుఁ జెడ్డవని చెప్పుట న్యాయము గాదు. ఉదయముననే లేచుట, చెప్పిన వేళకుఁ బోవుట, అపరిచితునితో బెదరక మాటలాడుట, లేదన్న మాట విని క్రుంగిపోకుండుట, ఇవి యన్నియు మంచి గుణములే. నా శిష్యుఁడు ఆ గుణములను అచ్చటనే నేర్చికొనెను. బడిలో నేను వానికి నేర్పలేకపోతిని. రెండేండ్లు ఖాళీగాఁ దిరిగిన ఆ పిల్లవానిని మన గ్రామమున నొక్కరైన పిలిచి, నీవు సమర్థుఁడవు, నీచేత నీ పని యగునని చెప్పలేదు. ఎవ్వఁడో పట్టణమునుండి వచ్చి ఆ మాట చెప్పెను. ఆ మాటకొఱకే వాఁడు వెంటఁబోయెను. ధనాశకంటె నది బలమైన యాకలి. ఇందు మన తప్పును గలదని యొప్పుకొనక తప్పదు.

ఐతే ఆ మంచి గుణములతోఁ బాటు మూఁడు విషపు మాటలను గూడ మ్రింగించుచున్నారు. సందేహించుట పాపము, ప్రశ్న నడిగిన బంధువు నీ యున్నతికి శత్రువు అనునది మొదటిది. ఓడిపోయినచో దోషము నీయందే గలదు, పథకమున లేదు అనునది రెండవది. మానుకొనువాఁడు పిఱికివాఁడు అనునది మూఁడవది. ఈ మూఁటిని నమ్మినవానికి బయటకు వచ్చు ద్వార మేదియు మిగులదు. నష్టము వచ్చినకొలఁది తన్నుఁ దాను నిందించుకొనుచు, మఱింత సరకు కొనును, మఱింత యప్పు చేయును.

మన శాస్త్రకారుల మార్గ మిట్టిది గాదు. న్యాయశాస్త్రమునఁ జెప్పిన పదాఱు పదార్థములలో సంశయము మూఁడవది, నిర్ణయము తొమ్మిదవది. సంశయము లేనిదే విచారము పుట్టదు, విచారము లేనిదే నిర్ణయము నిలువదు. ఎదుటివాని పక్షమును ముందుగాఁ జెప్పి, దానికి సమాధానము చెప్పిన పిమ్మటనే తన సిద్ధాంతమును స్థాపించుట మన పండితుల యాచారము. ప్రశ్నకు భయపడు విద్య యేదియు విద్య గాదు. ఆలంకారికులు వీరరసమునకు ఉత్సాహమును స్థాయిగాఁ జెప్పిరి. ఉత్సాహమునకును మోహమునకును బైకి రూపభేదము కనఁబడదు. రెంటియందును కన్నులు మెఱయును, గొంతు హెచ్చును. ఉత్సాహవంతుఁడు ఎదుటనున్న కష్టమును జూచి నడచును. మోహితుఁడు దానిని జూడ నొల్లఁడు. ఈ భేదము పల్నాటివారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. పండ్రెండవ శతాబ్దమున ఒక్క కోడిపందెమున నేడేండ్ల రాజ్యము నొడ్డి, మాచర్లవా రడవులపాలైన కథ మన యింటింటి కథ. కారెంపూడి రణరంగమున వీరులు చూపినది ఉత్సాహము. అంతకుముందు పందెపుబరియొద్దఁ గమ్మినది మోహము. అదే సీమ, అదే మనుష్యులు.

కావున క్రొత్తగాఁ జేరఁదలఁచిన పిల్లవానికి నేను చెప్పు ఆత్మోన్నతి నాలుగు నియమములలో నిముడును.

మొదటిది లెక్క. సరకుపై వచ్చిన కమీషను నొకవైపును, పెట్రోలు, టీ, సభల రుసుము, తాను వాడుకొనుటకుఁ గొన్న సరకు, ఇవి యన్నియు వేఱొకవైపును ప్రతిదినము వ్రాయవలెను. నెలకు 600 రూపాయల కమీషను వచ్చి, పెట్రోలునకు 500, సభలకు 300 వ్యయమైనచో, వానికి 200 నష్టము. చేనికిఁ బోయిన వచ్చు కూలిని గూడ లెక్కించిన నష్టము ఇంకను హెచ్చును. తన లెక్క తాను నిర్భయముగాఁ జూచుకొనఁగలవాఁడే మనోవికాసము గలవాఁడు.

రెండవది అపరిచితునకు అమ్ముట. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను సామెతను వారు తలక్రిందులు చేసి, మొదట బంధువులకే యంటఁగట్టుదురు. మేనమామ కొనునది సబ్బును గాదు, మేనల్లుని ముఖమును. ఊరు పేరు ఎఱుఁగని గృహిణి ఒకమాఱు కొని, రెండవ నెల తానే పిలిచి మరల నడిగినయెడల ఆ సరకు మంచిది, ఆ ధర న్యాయమైనది, ఆ పిల్లవాఁడు వర్తకుఁడు. నా శిష్యుఁడు తొలినెల ముప్పదియిండ్లలో నమ్మెను. రెండవనెల మరలఁ గొన్నవి నాలుగిండ్లు మాత్రమే. ఆ నాలుగిండ్ల లెక్క వానికి నిజము చెప్పుచునే యుండెను గాని, వినుట వానికి నేర్పలేదు.

మూఁడవది సత్యము. పైవరుసలోనివాఁడు కారు కొనెనని చెప్పుట గాక, నేను నిరుడు ఇంత సంపాదించితిని, ఇంత వ్యయపఱచితిని అని తన లెక్కపుస్తకమును జూపఁగలిగినప్పుడే యింకొకరిని రమ్మని పిలువవలెను. అట్లు చూపుటకు సిగ్గు కలిగిన దినమున నింకొకరిని బిలుచుట వంచన.

నాలుగవది మేర. ఇన్ని నెలలు, ఇంత సొమ్ము అని ముందుగాఁ గాగితముపై వ్రాసి, తల్లిదండ్రులచేత నుంచి మొదలుపెట్టవలెను. అప్పుచేసి గాని, నగలు కుదువఁబెట్టి గాని, పైరుకై దాఁచిన సొమ్ము తీసి గాని చేరరాదు. మేర దాఁటిన దినమున మానుకొనుట పిఱికితనము గాదు. పురుగుపట్టిన పైరును దున్నివేసి మఱియొక విత్తు వేయు రైతును ఎవ్వరు పిఱికివాఁ డందురు?

ఇప్పుడు నా కథ ముగింతును. పదినెలలు గడచినపిదప ఆ సంస్థవారి పట్టణకార్యాలయమునకుఁ దాళము పడెను. పైవరుసవారు ఫోను తీయుట మానిరి. నా శిష్యుఁడు అప్పటికిఁ బదునలుగురిని జేర్చియుండెను. తల్లి మిరపచేనికి మందులకై యుంచిన సొమ్ము అందుఁ గలసిపోయెను. ఒక మధ్యాహ్నము మా యరుగునొద్దకు మిరపకాయల కోఁతకుఁ బోవు కూలిమనిషి యొకతె వచ్చి నిలుచుండెను. కూర్చుండుమన్నను గూర్చుండలేదు. "పంతులుగారూ, ఆ అబ్బాయి మాట నమ్మి ఇవ్వలేదండీ. ఆ కాగితంలో మీ పేరు చూపిస్తే ఇచ్చాను" అనెను. ఆమె యిచ్చినది నాలుగువేలు. కోపముతో నాడిన మాటైన నాకుఁ గొంత యూఱట కలిగియుండును. ఆమె మెల్లగా, తప్పు తనదే యన్నట్లు చెప్పెను.

వానిని బిలిపించి యడిగితిని. ఏడిండ్లలో "మా మాస్టారు కూడా చేరారు" అని వాఁడు చెప్పెనఁట. అది యసత్యము గాదు గదా! నేను చేరితిని, సంతకము పెట్టితిని. నలువదియేండ్లు పాఠములు చెప్పి నేను కూడఁబెట్టిన మంచిపేరు ఒక్క సాయంకాలమున, ఒక్క సంతకముతో, నాకుఁ దెలియకయే ఏడిండ్ల వాకిండ్లు తెఱచెను. ఆ కూలిమనిషి సొమ్మును ఆ నెల పింఛనునుండి యిచ్చివేసితిని. తక్కిన ఆఱిండ్లవారి సొమ్మును నేనును వాఁడును గలిసి రెండేండ్లలోఁ దీర్చితిమి. నేఁడు వాఁడు ఒక యెరువుల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాఁడు. అపరిచితులతో నిర్భయముగా మాటలాడు నేర్పు వానికి అచ్చట నుపయోగపడుచున్నది. మేనమామ మాత్రము ఇప్పటికిని వానితోఁ బలుకుట లేదు. ఆ బాకీని రూపాయలతోఁ దీర్చుట నాచేతఁ గాలేదు.

పెద్దలారా, ఈ మాటలు మీతోఁ జెప్పుటకుఁ గారణ మిదియే. ఈ వ్యాపారమునఁ బెట్టు మూలధనము పిల్లవాని యొద్ద నుండదు. అది మీయొద్ద నున్నది. మీ పేరు, మీ మాట, మీయందు ఊరివారి కున్న నమ్మకము, వీనినే వాఁడు పెట్టుబడిగాఁ దీసికొని పోవును. అగ్రిగోల్డ్ సంగతి మీకు జ్ఞాపకముండును. అది గొలుసుకట్టు వ్యాపారము గాదు, డిపాజిట్ల సేకరణము. అయినను సుమారు 32 లక్షలమంది సొమ్మును అందుఁ జేర్చినవారు ఊరూరనున్న ఏజెంట్లు, అనఁగా మన బంధువులు, మన పొరుగువారు. 2019లోను, 2021లోను రాష్ట్రప్రభుత్వము చిన్న డిపాజిటుదారులకుఁ గొంత సొమ్ము చెల్లించెను. సొమ్ము కొంతవఱకు ఖజానానుండి రావచ్చును. ముఖము చూచి యిచ్చిన నమ్మకమును తిరిగి యిచ్చు ఖజానా యెచ్చటను లేదు.

కావున మీ యరుగుమీఁదికి రేపు పిల్లవాఁడు వచ్చినపుడు వానిని గసరి పంపివేయకుఁడు. కసరినచో, బంధువులే శత్రువులని వానికి నేర్పిన మాట నిజమనుకొనును. కూర్చుండఁబెట్టి, మజ్జిగ యిచ్చి, ఓపికతో వినుఁడు. వాని మాటనేర్పును మెచ్చుకొనుఁడు. పిమ్మట నాలుగు ప్రశ్న లడుగుఁడు. చేరుటకు రుసుము గలదా? 2016లో కేంద్రప్రభుత్వ మిచ్చిన మార్గదర్శకములలోనే ప్రవేశరుసుము కూడదని గలదు. అమ్ముడుపోని సరకును వెనుకకుఁ దీసికొందురా? ఎవ్వరిని జేర్పకుండ, సరకు మాత్రమే యమ్మినచో నెలకెంత మిగులును? నీ లెక్కపుస్తకము ఏది? ఈ నాలుగింటికి జవాబు చెప్పఁగలిగినచో, సరకు మంచిదైనచో, ధర న్యాయమైనచో, వినియోగదారుఁడవై కొనుఁడు. సంతకము మాత్రము కాగితము పూర్తిగాఁ జదివి, మఱునాఁటివఱకు ఆలోచించి, అప్పుడు నిర్ణయింపుఁడు. మోసము జరిగినట్లు తోఁచినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును, పోలీసులకుఁ బిర్యాదు చేయవచ్చును.

అంతకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఊరిలోఁ జదివి ఖాళీగా నున్న పిల్లవానిని, సంచి పట్టుకొని వాఁడు మీయొద్దకు రాకమునుపే, మీరు పిలువుఁడు. సహకారసంఘపు లెక్కలు చూడుమనుఁడు, పత్తి మిరపల ధరలు వాకబు చేసి రైతులకుఁ జెప్పుమనుఁడు, గ్రామసభలో నిలువఁబడి మాటలాడుమనుఁడు. నీవు సమర్థుఁడవని చెప్పుఁడు. ఆ మాటకు రుసుము లేదు. దానిని మనము చెప్పనిచో, రుసుము తీసికొని చెప్పువారు వత్తురు.

ఆ పదునొకండవ పేరుగల నోటుపుస్తకము నాయొద్దనే యున్నది. వాఁడు దానిని జింపివేయఁబోఁగా నేనడిగి తీసికొంటిని. ఎవరైన సంతకమునకై కాగితము చేతఁబట్టుకొని వచ్చినపుడు ముందుగా దానిని దీసి చూచికొందును.